ముందు ఒర, తర్వాతే కత్తి

ఆదివారం పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద ప్లేట్లు ఉండాల్సిన చోట కత్తి పడుకుని ఉంది. కూరగాయలు తరిగే కత్తి కాదు. ఎప్పుడో పడవలేసుకుని సముద్రాలు చుట్టబెట్టిన వైకింగుల కత్తికి అచ్చు నకలు, చెయ్యంత పొడుగు. కమ్మరి దగ్గర నుంచి ఈమధ్యే వచ్చింది. ఇంటాయన దాని ముందు కూర్చుని, మెత్తని గుడ్డకు నూనె అద్ది, పసిపిల్లకు ఒళ్ళు రుద్దినంత జాగ్రత్తగా రుద్దుతున్నాడు.

"ఏవండీ, దాన్ని కాస్త అవతల పెడితే మనుషులు టిఫిన్ తింటారు," అంది ఆవిడ.

"ఉండవోయ్. తేమ తగిలితే తుప్పు పడుతుంది."

"నీ కత్తికి తుప్పు పట్టేలోపు మాకు కళ్ళు తిరిగేలా ఉన్నాయి నాన్నా," అంది కూతురు, నిలబడే బ్రెడ్డు కొరుకుతూ.

ఆయనకు బజార్లో కళ్ళద్దాల షాపు ఉంది. ఆవిడ ఇంట్లోనే, వీధి వైపు చిన్న గదిలో తోలు పని చేస్తుంది. తెగిన సంచుల పట్టీలు, బెల్టులు, గిటారు తొడుగులు, ఏవి తెచ్చినా కుట్టి పంపుతుంది. పెళ్ళినాటి నుంచీ ఆ కుట్టుపని సంపాదన ఇంట్లో కలిసిపోతూనే ఉంది. ఆ గదిలోకి ఆయన వచ్చేది మాత్రం కత్తెర ఎక్కడుందని అడగడానికే.

కత్తికి ఒర కావాలని ఆయన అడిగినప్పుడు, అందుకే, ఆవిడ లోలోపల పొంగిపోయింది. సన్నటి చెక్కలు రెండు లోపల తొలిచి, వాటికి గొర్రె ఉన్ని అంటించింది. ఆ ఉన్నిలో ఉండే జిడ్డు ఇనుముకు తుప్పు పట్టనివ్వదు. పైన తడితోలు బిగించి, వెనకవైపు కుట్టింది. తడితోలు ఆరేలోపు లాగి కుట్టెయ్యాలి, ఆగితే బిర్రబిగుసుకుపోతుంది. ఆ రోజు "ఏవండీ, ఒక్కసారి వచ్చి ఈ చివర పట్టుకోండి" అని కేకేస్తే, ఆయన ఫోన్లో మిత్రులతో కత్తి బరువు గురించి మాట్లాడుతూ "ఇదిగో వస్తున్నా" అన్నాడు. రాలేదు. ఎలాగో తంటాలు పడి ఆవిడే కుట్టుకుంది.

ఇవాళ మిత్రులంతా కత్తి చూడ్డానికి వస్తున్నారు. ఆవిడ ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. జడ మళ్ళీ వేసుకుంది. కూతురు కళ్ళెగరేసి "ఏంటమ్మా సంగతి?" అంటే, "చుట్టాలొస్తే చింపిరి జుట్టుతో ఉండమంటావా?" అని కసిరింది. ఒక్కరైనా "ఒర ఎవరు చేశారు?" అని అడుగుతారని, ఏం చెప్పాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది.

పది దాటాక కత్తుల బ్యాచ్ దిగింది. ఆ పేరు కూతురు పెట్టింది. లెక్కల మాస్టారు, బేకరీ యజమాని, పళ్ళ డాక్టరమ్మ. ముగ్గురూ చెప్పులు విప్పీ విప్పకముందే కత్తి ఏదంటే కత్తి ఏదని అడిగారు. ఆయన పెళ్ళికూతురిని తెచ్చినంత హడావిడిగా లోపలి నుంచి తెచ్చి, ఒర లోంచి కత్తి దూసి, ఒరను పక్కనున్న స్టూలు మీద పడేశాడు.

వాళ్ళకొక పద్ధతి ఉంది. కత్తి చేతులు మారుతూ గుండ్రంగా తిరగాలి. పట్టుకున్న ప్రతివాళ్ళూ అందులో తమకు కనబడిన విశేషం ఒకటి చెప్పాలి. ఇంకొకళ్ళు చెప్పింది చెప్పకూడదు. చెబితే టీ గ్లాసులు కడగాలి.

"తూకం చూడండి," అన్నాడు మాస్టారు, మణికట్టు మెల్లగా తిప్పుతూ. "చూడ్డానికి ఇంత బరువు, చేతిలో బరువే లేదు. పిడి చివరి గుండు ఎంతుండాలో అంతే ఉంది."

డాక్టరమ్మ కత్తిని వెలుతురుకు ఎత్తి పట్టింది. "నడుమ గాడి వెంబడి ఈ అలలు చూశారా? ఇనుప చువ్వలు మెలేసి, కాల్చి కలిపి కొడితే గానీ రావు. అబ్బ, ఎక్కడా అతుకు కనబడదు!"

"పేరు, పేరు చూడండి!" బేకరీ ఆయనకు ఊపిరాడలేదు. "కమ్మరి తన పేరు వేరే ఇనుప తీగతో కత్తిలోకే పొదిగాడు. వెయ్యేళ్ళు పోయినా ఇది చేసినవాడెవడో తెలుస్తుంది."

మళ్ళీ తిరిగింది, మళ్ళీ తిరిగింది. అంచు గురించి, మోత గురించి, పిడికి చుట్టిన తీగ గురించి. ఇంటాయన వంతు వచ్చినప్పుడల్లా మాటలు పొంగుకొచ్చాయి. తన మొగుడికి ఇన్ని మాటలొచ్చని ఆవిడకు ఆ రోజే తెలిసింది. టీ ట్రేతో గుమ్మంలో నిలబడి, ఇంకో చుట్టులోనైనా, ఇంకో చుట్టులోనైనా అనుకుంటూ వింది.

బేకరీ ఆయన టీ అందుకుని, రెండు గుక్కలు తాగి, కత్తి కోసం రెండు చేతులూ చాపాలి కాబట్టి గ్లాసు ఎక్కడ పెడదామా అని చుట్టూ చూశాడు. చూసి, స్టూలు మీదున్న ఒర మీద పెట్టాడు.

ఆవిడ వచ్చి గ్లాసు తీసింది. తోలు మీద గుండ్రంగా మరక. కొంగుతో తుడిచింది, పోలేదు. ఒరను చేతిలోకి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కత్తి దగ్గర ఎవరూ తలెత్తలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆయన కత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. "ఏమోయ్, ఒర ఎక్కడ పెట్టావు?"

"నా దగ్గరుంది."

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. గదిలో తన స్టూలు మీద కూర్చుని, ఎవరిదో సంచి పట్టీకి దారం ఎక్కిస్తోంది.

"వేళాకోళమా? వచ్చే ఆదివారం మా కత్తులవాళ్ళ సమావేశం. అన్ని ఊళ్ళ నుంచీ వస్తారు. ఒర లేని కత్తిని హాలు గుమ్మం దాటనివ్వరు, తెలుసుగా?"

"తెలుసు."

"మరి?"

"కత్తి మీది. ఒర నాది. మీది మీరు పట్టుకెళ్ళండి."

ఆయనకు కోపం వచ్చింది. "ఇప్పుడు నిన్నెవరేమన్నారని ఈ రాద్ధాంతం?"

"ఎవరూ ఏమీ అనలేదు," అంది ఆవిడ. "అదే నా బాధ. పొద్దుటి నుంచీ అందరూ ఎన్నో అన్నారు. గుండు గురించన్నారు, గాడి గురించన్నారు, ఎక్కడో ఉన్న కమ్మరి గురించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నా పని మీద టీ గ్లాసు పెట్టారు."

"పొరపాటున పెట్టాడే. ఒక తోలు ముక్క కోసం..."

"అవును, తోలు ముక్కే. ఇన్నేళ్ళూ తోలు ముక్కలే కుట్టాను. నేను కుట్టినదాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తిప్పి చూశారా మీరు? ఊరందరికీ చూపు సరిచేస్తారు!"

ఆవిడ చెయ్యి మాత్రం ఆగలేదు. దారం లాగి ముడి వేసింది.

"సరే," అన్నాడాయన, పంతంగా. "ఇంకోటి చేయించుకుంటాను."

"శుభ్రంగా చేయించుకోండి."

మర్నాడే బయల్దేరాడు. బజార్లో సంచుల షాపువాడు కత్తిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకోచోట ప్లాస్టిక్ పైపులో పెట్టుకోమని సలహా ఇచ్చారు. చివరికి అట్టపెట్టె చింపి, షాపు నుంచి జిగురు తెచ్చి, తానే మొదలుపెట్టాడు. మొదటిసారి దూయగానే కత్తి అట్టను నిలువునా చీల్చుకుని బయటికొచ్చింది. రెండోదాంట్లోకి కత్తి పోయింది గానీ, ఇక బయటికి రానంది.

"నాన్నా, అమ్మకు సారీ చెప్పెయ్యరాదూ?" అంది కూతురు, ఆయన వేలికి బ్యాండేజీ చుడుతూ.

"చెప్పాను. టీ గ్లాసు గురించి సారీ అన్నాను. 'గ్లాసు గురించి కాదు' అంది. మరి దేని గురించో!"

"ఒకసారి వెళ్ళి చూడు నాన్నా," అంది కూతురు. "చూడు అంటున్నానంతే."

శుక్రవారం షాపుకు సెలవు. మధ్యాహ్నం ఆయన ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాడు. కత్తెర కోసమేమో అనుకుని ఆవిడ చెయ్యి చాపి కత్తెర ఇచ్చింది. ఆయన అందుకోలేదు. వచ్చి ఎదురుగా చిన్న పీట మీద కూర్చున్నాడు.

ఆవిడ ఒక తోలు సంచి అడుగు కుడుతోంది. ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు. దబ్బనంతో బెజ్జం పొడవడం, కుడి నుంచొక సూది, ఎడమ నుంచొక సూది అదే బెజ్జంలోకి దూర్చడం, రెండు చేతులూ చాచి ఒకే బిగువుతో లాగడం. ఆయన చాలాసేపు చూశాడు.

"రెండువైపుల నుంచీ ఎందుకు?" అని అడిగాడు చివరికి.

ఆవిడ తలెత్తి చూసింది, వెక్కిరింపేమోనని. కాదు. "ఒకవైపు దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది," అంది. "మిషను కుట్టు అలా కాదు. ఒకచోట తెగితే వరసంతా ఊడుతుంది."

"ఓహో," అన్నాడు. గోడ వైపు చూసి, "ఆ ఒర ఒకసారి చూడొచ్చా? తీసుకెళ్ళను. ఇక్కడే చూస్తాను."

గోడకు ఆనించిన ఒరను ఆవిడ అందించింది. ఆయన జేబులోంచి షాపులో వాడే భూతద్దం తీసి, పై నుంచి మొదలుపెట్టాడు. ముందువైపు ఎక్కడా కుట్టు లేదు. తోలు కింద ఆవిడ పెట్టిన తాడు వరసలు సన్నగా ఉబ్బి ఉన్నాయి. వెనక్కి తిప్పాడు. పై నుంచి కింద దాకా కుట్లు, ఒకదానికొకటి ఎడం తప్పకుండా. మూతి దగ్గర వేలు పెట్టి లోపలి ఉన్నిని తడిమాడు. కొసకు వచ్చేసరికి ఆగిపోయాడు.

"ఇక్కడ ఏదో నొక్కు పడింది. పక్కపక్కనే రెండు. పనిముట్టు జారిందా?"

ఆవిడ కుట్టు ఆపింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"పన్ను గాట్లు," అంది. "తోలు ఆరిపోతోంది. రెండు చేతులూ సూదుల మీదున్నాయి. పట్టుకోమని పిలిస్తే మీరు రాలేదు. పళ్ళతో పట్టుకుని కుట్టాను."

ఆయన భూతద్దం దించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి, అద్దం ఉన్నా లేకపోయినా ఏమీ కనబడని స్థితికి వచ్చాడు. తాను "ఇదిగో వస్తున్నా" అన్న మాట గుర్తొచ్చింది. అలా అని వెళ్ళని రోజులు ఇంకెన్నో ఉన్నాయని కూడా గుర్తొచ్చింది.

"నేను సమావేశానికి వెళ్ళను," అన్నాడు. "నీ ఒర నీ దగ్గరే ఉండనీ."

"వెళ్ళకపోతే నాకేం ఒరుగుతుంది?" అంది ఆవిడ. ఆవిడ కళ్ళూ తడిసే ఉన్నాయి గానీ మాట గట్టిగానే ఉంది. "వెళదాం. నేనూ వస్తాను. కానీ ముందు ఒర తిరగాలి. అందరి చేతుల్లోకీ వెళ్ళాలి. ఆ తర్వాతే కత్తి బయటికి తీయాలి. ఒప్పుకుంటే చెప్పండి."

ఆయన తల గోక్కున్నాడు. "అన్ని ఊళ్ళవాళ్ళూ వస్తారోయ్. ఒరకు ఇలాంటివి ఎవరూ చేయరు. నవ్వుతారు."

"నవ్వనీయండి."

"సరే," అన్నాడు. ఈసారి ఆ మాటలో పంతం లేదు. "పోనీ ఆ టీ మరక మీద రంగేమైనా వేస్తావా?"

"వేయను. అలాగే ఉంటుంది."

ఆదివారం హాలు కిటకిటలాడింది. పొడుగు బల్లల మీద వరసగా కత్తులు, చుట్టూ మనుషులు. ఆయన కత్తి గురించి మాస్టారు ముందే ప్రచారం చేసి పెట్టాడు కాబట్టి ఆ బల్ల చుట్టూ గుంపు ఎక్కువ. ఆవిడ భర్త పక్కనే నిలబడింది. భుజాన పనిముట్ల సంచి ఉంది.

"దూయండి, దూయండి!" అన్నారెవరో.

ఆయన ఒర లోంచి కత్తి తీయలేదు. ఒరతో సహా రెండు చేతుల మీదకూ తీసుకున్నాడు. "ముందు ఒర," అన్నాడు. "మన పద్ధతే. తలా ఒక మాట." కొందరు నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆగలేదు.

"నేను మొదలుపెడతాను. ఇదిగో, ఈ కొసన పన్ను గాట్లున్నాయి. ఇది మా ఆవిడ చేసింది. తడితోలు లాగి పట్టుకోవడానికి సాయం రమ్మని పిలిచింది. ఈ కత్తి బరువు గురించి ఫోన్లో మాట్లాడుతూ నేను వెళ్ళలేదు. తను పళ్ళతో పట్టుకుని కుట్టింది. నేను చూసిన విశేషం అది."

నవ్వులు ఆగిపోయాయి. ఒర మాస్టారి చేతికి వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, కుట్ల వెంట వేలు నడిపించి, "మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ ఎడంలో తేడా లేదు. స్కేలు పెట్టి గీసినా నాకు రాదమ్మా," అన్నాడు. డాక్టరమ్మ మూతి అంచున కనబడే ఉన్నిని తడిమి, "ఉన్ని వాలు కత్తి దూరే వైపే ఉంది. అందుకేనన్నమాట కత్తి ఎక్కడా పట్టకుండా వచ్చింది. వదినగారూ, పోయినవారం ఇది నా పక్కనే ఉంది. నేను చూడనే లేదు," అంది.

బేకరీ ఆయన చేతికొచ్చింది. తిప్పాడు. ముందువైపు నడిమధ్యన గుండ్రటి మరక చూసి బిగుసుకుపోయాడు.

"ఈ మరక," అన్నాడు, "నాది చెల్లెమ్మా. నా టీ గ్లాసుది. నేను చెప్పగలిగింది అదొక్కటే." అని, "గ్లాసులు జన్మంతా నేనే కడుగుతాను," అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

తెలియనివాళ్ళ చేతుల్లోకి కూడా వెళ్ళి, అందరూ తలా ఒకటి చెప్పాక, ఒర తిరిగి తిరిగి ఆవిడ దగ్గరికి వచ్చింది.

"మీ వంతు వదినగారూ," అంది డాక్టరమ్మ. "ఎవరూ చెప్పనిది చెప్పాలి."

ఆవిడ ఒరను బల్ల మీద పెట్టింది. "దీని మీద పేరు లేదు," అంది. "కత్తి మీద కమ్మరి పేరుంది. ఇన్నేళ్ళలో నేను కుట్టినవి ఎన్నో ఇళ్ళకు వెళ్ళాయి, ఒక్కదాని మీదా నా పేరు లేదు. నేనే వేయలేదు."

సంచిలోంచి దబ్బనం తీసింది. ఒర మూతికి కాస్త కింద, తన పేరులో మొదటి అక్షరాన్ని చుక్కలు చుక్కలుగా పొడవడం మొదలుపెట్టింది. తోలు గట్టిది, ఒర కదులుతోంది. ఆవిడ పిలవలేదు. ఆయనే వంగి, పన్ను గాట్లున్న చివరను రెండు చేతులతో పట్టుకున్నాడు. పని పూర్తయ్యే దాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

చివరి చుక్క పొడిచి, పైన బొటనవేలితో రుద్ది, ఆవిడ పక్కకు జరిగింది.

"ఇప్పుడు తీయండి కత్తి," అంది.