నాలుగో తాడు

"హెస్టర్! ఆ లాంతరు కాస్త ఇటు పట్టవే తల్లీ! నీ కుర్రకాళ్ళ వెంట నా మోకాళ్ళు ఎక్కడొస్తాయి?"

గంటల బురుజు మెట్ల మీద హెస్టర్ ఆగింది. కింద మాడ్ టారెంట్ రొప్పుతోంది. అన్నీ సవ్యంగా జరిగి ఉంటే ఈపాటికి ఆవిడ హెస్టర్‌కి అత్తగారు.

"నెమ్మదిగా రండి అత్తయ్యా."

పెళ్ళి జరగలేదు. పిలుపు మాత్రం మిగిలిపోయింది.

నవంబరు. నాలుగింటికే ఆల్డర్‌విక్ ఊరు పొగమంచులో మునిగింది. ఏడాది కిందట ఇదే రోజు, ఇదే వేళకి, మాడ్ కొడుకు లెవిన్, ఊరికి ఉత్తరాలు పంచే లెవిన్, పై గదిలో నాలుగో తాడు కింద మెడ విరిగి దొరికాడు. నోరు పైకి తిప్పి నిలబెట్టిన గంట తాడుని తెలియక లాగితే, అది మనిషిని ఎగరేసి కప్పుకేసి కొడుతుంది. అందుకే అలా వదిలిన తాడుకి ఎర్రగుడ్డ కట్టాలి. ఆ రోజు గుడ్డ లేదు. ఎవరు కట్టలేదో పోలీసులూ తేల్చలేకపోయారు. ఊరు మాత్రం గంటల కాపరి సైలస్ తాత మీదకి తోసేసింది, తాగి మర్చిపోయాడని.

ఆ గుడ్డ ఆ సాయంత్రం హెస్టర్ కోటు జేబులో ఉంది. ఏటి ఒడ్డున లెవిన్ ఎదురుచూస్తుంటాడని, ఎవరూ లేని వేళ ఒక్కతే నాలుగో గంట మోగించి, దాన్ని నోరు పైకే వదిలి పరుగున వెళ్ళిపోయింది. అతనేమో ఆమె కోసం ఇక్కడికే వచ్చాడు. ఆ రాత్రే గుడ్డని పొయ్యిలో పడేసింది. దాని బూడిద ఇప్పటికీ ఆమె గొంతులోనే ఉంది.

గదిలో సైలస్ తాత బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తాళాల గుత్తి.

"తాగుబోతు కాపలా ఉన్న చోటికి ధైర్యంగా వచ్చావే మాడ్!"

"నువ్వు తాగితే పాడతావు గానీ మర్చిపోవు సైలస్. అదే నాకు అంతుపట్టంది."

"నాకే గుర్తులేదు మరి. ఊరంతా అంటోందిగా, నేనే అయ్యుంటాను." ఆయన తాళాలు నిమిరాడు. "ఈ పూట గంటలు మోగించాక ఇవి ఇచ్చేసి తప్పుకుంటాను."

హెస్టర్ లాంతరుని గోడ వైపు తిప్పింది.

"వాడి తాడు ఒక్కసారి లాగనా?" మాడ్ నాలుగో తాడు దగ్గరికి వెళ్ళింది.

"లాగు. గంట నోరు కిందికి దించే ఉంది, మధ్యాహ్నం నా చేత్తో దించాను."

మాడ్ చెయ్యి చాచింది.

పైన ఏదో కదిలింది. బరువుగా... దూలం మూలిగినట్టు. తడి ఉన్ని వాసన, దాని వెనకే కరిగిన లక్క వాసన. లెవిన్ ఉత్తరాల సంచీ వాసన.

తాడు వణికింది. గాలి లేదు.

"అత్తయ్యా..."

లాంతరు ఎత్తింది. తాడు మీద, మాడ్ వేళ్ళకి జానెడు దూరంలో... ఎర్రగుడ్డ. ఇందాక లేదు. ఒక అంచు కాలి నల్లబడింది. ఉత్తరాల కట్టకి లెవిన్ వేసే రెండు పేటల ముడి.

"అది ముట్టుకోకు!" సైలస్ పైన గంటల దగ్గరికి నిచ్చెన ఎక్కాడు. తర్వాత పై నుంచి సన్నగా గొంతు, "మాడ్... నోరు పైకి ఉంది. నేను దించానే... నిజంగా దించాను..."

ముసలాయన ఏడుస్తున్నాడు. ఈసారీ తానే మర్చిపోయాననుకుంటున్నాడు.

హెస్టర్ గుడ్డని తాకింది. వెచ్చగా ఉంది. ఇప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు.

తను కట్టని గుడ్డ. అమ్మ కోసం అతనే వచ్చి కట్టాడు.

ఆమె మాడ్ వైపు తిరిగింది.

"సైలస్ తాత కాదు అత్తయ్యా... ఆ రోజు గంట ఎత్తి వదిలింది నేను. గుడ్డ కట్టనిది నేను. మీ లెవిన్‌ని చంపింది నేనే."