మందుల షాపు షట్టర్

మూల మీద మందుల షాపు ముందు నుంచి రాత్రి ఒంటిగంట దాటాక ఎవరూ వెళ్ళరు. షట్టర్ చప్పుడు చేస్తుందట. గాలికి కాదండోయ్ — లెక్కగా, తొమ్మిదిసార్లు. కాసేపాగి... మళ్ళీ తొమ్మిది. పోయిన పాత ఓనరే వస్తున్నాడని అందరూ తేల్చేశారు. కొత్త ఓనరు హడలిపోయి రెండో తాళం కూడా వేయించాడు. దెయ్యానికి తాళమేమిటో ఆయనకే తెలియాలి.

ఆ షాపు కౌంటర్లో మందులిచ్చే మనిషి భార్యది వేరే భయం. మొగుడు అర్ధరాత్రి లేచి వెళ్ళి, తెల్లారగట్ల వస్తున్నాడు. పగలు కౌంటర్ దగ్గర కునికిపాట్లు. ఇంకొక్కసారి కునికితే పనిలోంచి తీసేస్తానని ఓనరు చెప్పేశాడు. ఎవతో ఉందనుకుంది ఆవిడ. ఒకరాత్రి వెనకాలే వెళ్ళింది.

మూల తిరిగింది... టక్. టక్.

షట్టర్ ముందు ఎవరో వంగి తాళం లాగుతున్నారు.

"ఏడు... ఎనిమిది..."

ఆ గొంతు ఆవిడకి తెలుసు.

"ఏమండీ..."

"ఆగు. లెక్క తప్పుతుంది."

ఆయన వేళ్ళకి తోలు లేచిపోయింది. ఆవిడకి అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి — గ్యాస్ కట్టేసి పదిసార్లు చూడటం, చేతులు పగిలేదాకా కడుక్కోవడం, గుమ్మం దాటి మళ్ళీ వెనక్కి రావడం. చాదస్తమని ఇన్నేళ్ళూ అందరితో కలిసి నవ్వింది. ఇది జబ్బని ఇప్పుడర్థమైంది. సిగ్గుతో, జాలితో ఏడుపొచ్చింది.

"తాళం పడిందని తెలుసే. మనసొప్పుకోదు. ఏ పిల్లాడో దూరి మాత్రలు మింగితే... చంపింది నేనేగా?"

"డాక్టర్ దగ్గరికి వెళ్దామండీ."

"పిచ్చోడని తెలిస్తే నన్ను మందులు ముట్టుకోనిస్తారా?"

ఆవిడ రెండు తాళాలూ తనే లాగి చూసింది. "పడ్డాయి. రండి."

"ఒట్టు?"

"ఒట్టు."

చంటిపిల్లాడిలా వెంట వచ్చేశాడు. హమ్మయ్య అనుకుంది. ఇంటికొచ్చి పడుకుని లైటు ఆర్పగానే చెవి దగ్గర గుసగుస...

"నువ్వు చూశావు కదా?"

"చూశాను."

"రెండోది కూడా?"

ఆ రాత్రి నుంచి ఆయన బయటికి వెళ్ళలేదు. షాపు మూసేటప్పుడు రోజూ ఆవిడే వెళ్ళి తాళాలు చూసి రావాలి. తెల్లవార్లూ ఆయన అడగాలి, ఆవిడ చెప్పాలి. కౌంటర్ దగ్గర కునికిపాట్లు మాత్రం తగ్గలేదు.

నెల తిరిగింది. ఒకరాత్రి అడిగి అడిగి, అలిసిపోయి నిద్రపోయాడు. ఆవిడా కళ్ళు మూసుకుంది.

లాగి చూశానా...?

చూశాను. చూసే ఉంటాను. అది ఇవాళా... నిన్ననా?

ఎంత తల బద్దలుకొట్టుకున్నా గుర్తురాలేదు. ఆయన లేవకుండా, మెల్లగా తలుపు గడియ తీసింది.