ఐసు ఫ్యాక్టరీలో శ్రుతి

రేపల్లె దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. పొద్దుగూకిందంటే చాలు, ఆటోవాళ్ళు ఆ గేటు ముందు హారన్ కూడా కొట్టరు. చేపల లారీలు సైతం అక్కడికొచ్చేసరికి పాటలు ఆపేసుకుని, గేటు దాటాక మళ్ళీ పెట్టుకుంటాయని చెబుతారు. లోపల ఎవరో మూలుగుతారట…

మూలుగంటే ఏడుపు కాదు, నొప్పీ కాదు. నోరు మూసుకుని గొంతులోనే తీసే కూనిరాగం లాంటిది — ఊఁ… అని ఒకటే మోత, తెగకుండా.

అది వెంకటకృష్ణయ్యది అంటారు. రాత్రి డ్యూటీలో యంత్రం చూసుకునే మనిషి. పడవలకి ఐసు అందాలంటే ఆ యంత్రం తెల్లవార్లూ తిరగాలి. ఆయన దాని పక్కనే కుర్చీ వేసుకుని, దాని మోతతో గొంతు కలిపి కూర్చునేవాడట. గొంతూ యంత్రమూ విడిపోయాయంటే, యంత్రానికేదో వచ్చిందని లేచి చూసేవాడట. ఒక తెల్లవారుజామున ఆ కుర్చీలోనే పోయాడు. తర్వాత ఫ్యాక్టరీ మూశారు, యంత్రాన్ని పాతసామానుకి అమ్మేశారు.

యంత్రం పోయింది గానీ… మోత పోలేదు.

అలాంటి చోటికి, గిటారు సంచీ భుజాన వేసుకుని, రాత్రిపూట ఒక్కతే వెళ్ళింది అపర్ణ. ఎందుకంటారా? వేరే చోటు లేక. అదే అసలు సంగతి.

అపర్ణ తెనాలి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తుంది. నాలుగు లావు తీగల గిటారు అది. వింటున్నంతసేపూ అది ఉన్నట్టే తెలియదు, తీసేస్తే మాత్రం పాట కాళ్ళు లేనట్టు కూలబడుతుంది. వాళ్ళమ్మ బాలసరస్వతి రేపల్లెలో పిల్లలకి వీణ చెబుతుంది. వీణ ఉన్న ఇంట్లో పుట్టి ఈ దుంగ మోయడమేంటని బంధువులు దెప్పారు. గోడలు అదురుతున్నాయని ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు పేచీ పెట్టారు. ఆడపిల్లకి స్టేజీలేంటి, ఆ వేళకాని వేళ ప్రయాణాలేంటని మిగతావాళ్ళు మూతి విరిచారు. వాళ్ళకి మాటలతో జవాబు చెప్పడం అపర్ణ ఎప్పుడో మానేసింది. గట్టిగా వాయించడమే జవాబనుకుంది. ఆ గట్టిగా వాయించడానికే చోటు లేకపోయింది.

పైగా గిటారుకి రోగమొచ్చింది. చౌకలో కొన్నది కదా, కింది కొసన తీగల్ని మోసే బ్రిడ్జి వట్టి రేకు ముక్క. బ్రిడ్జి మీద ఒక్కో తీగకి ఒక్కో చిన్న పీట ఉంటుంది. స్క్రూ తిప్పి ఆ పీటని ముందుకో వెనక్కో జరిపి, తీగ పొడవు సరిగ్గా కుదిరిస్తేనే పై మెట్ల మీద స్వరం నిలబడుతుంది. ఈ రేకు బ్రిడ్జికి మరలు అరిగిపోయి పీటలు వాటంతటవే జారుతున్నాయి. కింది మెట్ల దగ్గర బుద్ధిగా పలికే తీగ పైకెళ్ళేసరికి దారి తప్పుతోంది. ఆర్కెస్ట్రా నడిపే శశిధర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆదివారం బాపట్ల రిసెప్షన్లో కూడా ఇలాగే పలికితే, ఇకనుంచి ఆ పని కీబోర్డు వాయించేవాడి ఎడం చేతికి అప్పజెబుతానన్నాడు.

అపర్ణ బరువైన ఇత్తడి బ్రిడ్జి ఒకటి తెప్పించింది. తెప్పించడం తేలికే. బిగించి, సౌండు పెట్టి, ఒక్కో తీగనీ గంటలకొద్దీ మోగించి సరిచూడాలి. ఎక్కడ?

ఐసు ఫ్యాక్టరీ సొంతదారు బసవేశ్వరరావు మనవరాలు బాలసరస్వతి దగ్గరే వీణ నేర్చుకుంటోంది. పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చి ఈ గొడవంతా విన్నాడాయన. దెయ్యం పేరు చెప్పి ఎవరూ అద్దెకి రాక ఆయన ప్రాణం విసిగిపోయి ఉంది. ఒక్క రాత్రి అక్కడ వాయించుకోమన్నాడు. పొద్దున్నే నలుగురి ముందు ఏమీ లేదని చెబితే తాళంచెవి ఆమె దగ్గరే ఉంచుకోవచ్చన్నాడు, రోజూ వచ్చి ఇష్టమొచ్చినంత మోత మోగించుకోవచ్చన్నాడు. మూలుగు సంగతి అడిగితే నవ్వేశాడు.

"కప్పులోంచి ఇనప గొట్టం ఒకటి పైకి పోద్ది అమ్మాయ్. సముద్రం గాలి దాని మూతిలో దూరితే మోగుద్ది. అంతే."

బాలసరస్వతి వద్దనలేదు. ఆమెకి మాటల్లో పొదుపు. వంటింట్లో ఉన్నా సరే, పిల్లలు శ్రుతి జారితే అక్కణ్ణించే "తగ్గింది" అంటుంది. అరుపు ఉండదు, కోపం ఉండదు. ఆ ఒక్క మాటకి ఎంత మొండిఘటమైనా సర్దుకోవాల్సిందే. ఆ రాత్రి కూతురి చేతికి కాఫీ ఫ్లాస్కు ఇచ్చి, "భయమేస్తే వచ్చెయ్. సిగ్గేం లేదు" అంది.

"రాను" అంది అపర్ణ.

లోపల ఒకటే బల్బు. నేలంతా చెక్క మూతలు, వాటి కింద ఒకప్పుడు ఐసు తయారైన పెద్ద తొట్టి. అడుగు వేస్తే కింద డొల్లగా మోగుతోంది. ఉప్పు వాసన ఇంకా పోలేదు. ఒక మూల కుర్చీ ఉంది… ఆ కుర్చీ వైపు వీపు పెట్టి కూర్చోవడానికి మనసొప్పక, దానికి ఎదురుగా దుప్పటి పరుచుకుంది అపర్ణ.

తీగలు వదులు చేసి రేకు బ్రిడ్జి ఊడదీసింది. దాని అడుగున, చెక్కలోంచి సన్నటి వైరు ఒకటి బయటికొచ్చి ఉంటుంది. అది బ్రిడ్జి లోహానికి తగులుతూ ఉండాలి, లేకపోతే వెంట తెచ్చుకున్న ఆంప్లిఫయర్ జుమ్మంటుంది. ఆ వైరు మీద కొత్త బ్రిడ్జి ఆనించి స్క్రూలు బిగించింది. తీగలు ఎక్కించింది. ఆంప్లిఫయర్‌కి వైరు పెట్టి, వాల్యూం తిప్పింది —

ఊఁ…

ముందు చిరాకే వచ్చింది. అడుగున వైరు తగల్లేదనుకుంది. మళ్ళీ అన్నీ విప్పి, వైరు కొస గీకి, సరిగ్గా ఆనించి బిగించింది.

ఊఁ…

తీగల మీద అరచెయ్యి అదిమింది. మోత తగ్గలేదు. వాల్యూం పూర్తిగా కిందికి తిప్పేసింది. తగ్గలేదు. ప్లగ్గు పీకేసింది.

ఊఁ…

అప్పుడు వెన్ను చల్లబడింది. మోత ఆంప్లిఫయర్‌లోంచి కాదు. పైకప్పు నుంచీ కాదు. తను కూర్చున్న చెక్క కింద నుంచి.

"గొట్టం" అని పైకే చెప్పుకుంది. గాలి పైన దూరి, కింద తొట్టిలో మోగుతోంది. అంతే. ఆయన చెప్పాడుగా.

తలుపు వైపు చూసింది. లేచి పరిగెడితే ఆపేవాళ్ళు లేరు. కానీ తను పరిగెడితే సంతోషించేవాళ్ళు వరసపెట్టి గుర్తొచ్చారు. మూతి విరిచినవాళ్ళూ, దుంగ అన్నవాళ్ళూ, ఆ కీబోర్డువాడి ఎడం చెయ్యీ. భయం కంటే కోపం పెద్దదైంది. లేవలేదు.

ఫోన్లో శ్రుతి చూపించే యాప్ తెరిచింది. తీగ ఇంకా ముట్టుకోనే లేదు…

ముల్లు దానంతటది లేచింది. లేచి, రెండో లావు తీగ పలకాల్సిన స్వరం దగ్గర ఆగింది. నడిమి గీత మీద, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాకుండా.

గాలికి ఇంత స్వరజ్ఞానమా అని ఒక ప్రశ్న తల ఎత్తింది. దాన్ని అక్కడే అణిచేసింది.

చిక్కు వేరే వచ్చిపడింది. యాప్‌కి ఆ మోత తప్ప ఇంకేదీ వినపడటం లేదు. ఏ తీగ మీటినా ముల్లు అక్కడే పాతుకుపోయి ఉంది. ఇక ఫోను పనికిరాదు. ఆదివారమా, ముంచుకొస్తోంది.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. చిన్నప్పటినుంచీ ఇంట్లో చూస్తున్నదే. శ్రుతి మోగుతూ ఉంటుంది, దానికి తీగ కలుపుతారు. ఇక్కడా శ్రుతి మోగుతోంది. ఎవరిదైతేనేం?

ప్లగ్గు మళ్ళీ పెట్టింది. ఆ స్వరం పలికే పై మెట్టు దగ్గర తీగ నొక్కి, మీటింది. రెండు స్వరాలు దగ్గరగా ఉండీ కలవకపోతే మధ్యలో మోత ఊగుతుంది. కలిస్తే ఊగు ఆగుతుంది. వఁ… వఁ… వఁ… అని ఊగింది. స్క్రూ కాస్త తిప్పింది, పీట వెనక్కి జరిగింది. వఁ…… వఁ…… ఊగు నెమ్మదించింది. ఇంకాస్త తిప్పింది.

ఆగిపోయింది. కింది మోతా, చేతిలో తీగా ఒక్కటే గొంతైపోయాయి. ఒంటి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. భయమో, సంతోషమో ఆమెకే తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

ఆ స్వరం ప్రతి తీగ మీదా ఎక్కడో ఒకచోట ఉంటుంది, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కో తీగ మీదా దాన్ని వెతికి పట్టుకుని, పీట జరిపి, మళ్ళీ తీగ బిగించి, మళ్ళీ జరిపి… అలా కూర్చుంది. నడుమ ఒకసారి కింది మోత సన్నబడింది. తీగలు ఇంకా మిగిలే ఉన్నాయి. పనిలో పడి, తలెత్తకుండానే, "ఆగకండి, అవలేదింకా" అనేసింది.

మోత మళ్ళీ నిండుగా వచ్చింది.

గాలి హోరెత్తిందనుకుంది. అలాగే అనుకోవాలని నిశ్చయించుకుంది.

ఆఖరి తీగ కుదిరేసరికి కిటికీలో వెలుతురొచ్చింది. మోత ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ఫ్లాస్కులో కాఫీ ముట్టుకోనే లేదు.

బసవేశ్వరరావు టీకొట్టు దగ్గరున్న మనుషుల్ని వెంటేసుకుని మరీ వచ్చాడు. చాలా హుషారుగా ఉన్నాడు. గేటు దగ్గరే అపర్ణని ఆపి, పైకి చెయ్యి చూపించాడు.

"నువ్వు కంగారు పడకూడదని నిన్న మధ్యాహ్నమే మనుషుల్ని ఎక్కించి ఆ గొట్టం మూతికి సిమెంటు పెట్టించానమ్మాయ్. ఇంక మోగమన్నా మోగదు. ఏం, ఏమన్నా వినపడిందా?"

అపర్ణ పైకి చూసింది. గొట్టం కొసన సిమెంటు ముద్ద, ఇంకా పచ్చిగా, సందు లేకుండా మూసుకుని ఉంది. దాని మీద కాకి వాలి ఉంది. అసలు రాత్రి గాలే లేదని, కిటికీ రెక్క ఒక్కసారైనా కొట్టుకోలేదని… అప్పుడు గుర్తొచ్చింది.

అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. వినపడిందంటే గేటుకి మళ్ళీ తాళం పడుతుంది. ఊళ్ళో అన్ని నోళ్ళూ తెరుచుకుంటాయి. తను మళ్ళీ ఆ అదిరే గోడల మధ్యకి, చప్పుడు చేయకుండా బతకడానికి వెళ్ళాలి. బసవేశ్వరరావు వైపు తిరిగింది.

"ఏం లేదండి బాబాయిగారూ. ప్రశాంతంగా ఉంది."

తాళంచెవి సంచీలో వేసుకుంది.

ఆదివారం బాపట్లలో పాట మధ్యలో ఆమె వేళ్ళు పై మెట్లకి ఎక్కాయి. శశిధర్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. కాసేపు విన్నాడు. ఇక ఆ రాత్రంతా మళ్ళీ తిరగలేదు. కీబోర్డువాడి ఎడం చేతికి ఏ పనీ తగల్లేదు.

మర్నాడు చీకటి పడుతుండగా అపర్ణ ఫ్యాక్టరీ తాళం తీసింది. రాకుండా ఉండొచ్చు. పొద్దుట్నుంచీ ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. కానీ ఇంత కష్టపడి సంపాదించుకున్న చోటు, బతికున్నవాళ్ళకే వదలనిది పోయినవాళ్ళకి వదులుతుందా?

బల్బు వేసింది. కుర్చీకి ఎదురుగా కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకుంది. ఆంప్లిఫయర్‌కి ప్లగ్గు పెట్టలేదు. వింది.

ఏమీ లేదు… చాలాసేపు ఏమీ లేదు.

"తాతగారూ" అంది, కుర్చీ వైపు చూస్తూ. "నేను రోజూ వస్తాను. నన్ను బెదిరించి పంపించలేరు. ఉంటే ఉండండి, శ్రుతి ఇవ్వండి."



తర్వాత చెక్కల కింద నుంచి, బాగా లోతు నుంచి… ఊఁ… అని మొదలైంది.

అపర్ణ తీగ మీటింది. విని, నొసలు ముడిచింది. వఁ… వఁ… అని ఊగుతోంది. బ్రిడ్జి వైపు చూసింది, పీటలు పెట్టినచోటే ఉన్నాయి. మళ్ళీ మీటింది. తేడా తీగది కాదు.

అమ్మ వంటింట్లోంచి అనే గొంతుతోనే, కోపం లేకుండా అంది.

"తగ్గింది."

కింద మోత ఒక్క క్షణం ఆగింది. ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు… తర్వాత మెల్లగా, జాగ్రత్తగా, పైకి జరిగి వచ్చి ఆమె తీగతో కలిసింది.