పరదా దించిన రిక్షా

పురానాపూల్ వంతెన దాటి ఎడమకు తిరిగితే, గొళ్ళెం ఊడిన పెద్ద గేటొకటి ఉండేది. లోపల కూలిపోయిన దేవిడి, ఒకప్పటి నవాబుల బంగళా. పొద్దు గూకాక ఆ గేటు ముందు ఎవరూ ఆగేవారు కాదు. ఎప్పుడో ఒక బేగం పుట్టింటికి పోదామని రిక్షా కోసం అక్కడే నిలబడి, రిక్షా రాకముందే ప్రాణం వదిలిందట... అప్పటినుంచీ దారినపోయే రిక్షాలను ఆపుతుందట. చూసినవాడు లేడు, చెప్పనివాడు లేడు.

డెబ్బై నాలుగులో ఆ బేగం మా ఇంటిమీదికే వచ్చింది.

మా అక్క సక్కుబాయి పెనిమిటి ఎల్లప్ప రిక్షా తొక్కేవాడు. పొద్దున బడిపిల్లలు, పగలు బజారు బేరాలు, రాత్రి ఏది దొరికితే అది. ఆ గేటుకెదురుగా పాన్ డబ్బా పెట్టుకున్న ప్రహ్లాద్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, తను కళ్ళారా చూసింది చెప్పాడు.

ముందురాత్రి బావ రిక్షా ఖాళీగా వచ్చిందట. గేటు ముందు దానంతటదే నెమ్మదించి... ఆగిందట. బావ సీటు మీదే ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి — చూపు మాత్రం లేదు. ఏదో నములుతున్నట్టు నోరు ఆడుతోంది. వేళ్ళు చొక్కా గుండీని గిల్లుతున్నాయి. ప్రహ్లాద్ రెండుసార్లు పిలిచాడు. పలుకు లేదు.

కాసేపటికి బావ దిగాడు. వెనక్కి పోయి, ఆడవాళ్ళ కోసం కట్టిన పరదా ఎత్తిపట్టుకున్నాడు.

"బైఠో బీబీ," అన్నాడు మెల్లగా.

అక్కడ ఎవరూ లేరు. అయినా పరదా దించి, ముడి వేసి, మళ్ళీ సీటెక్కాడు. బరువు లాగుతున్నవాడిలా లేచి నిలబడి తొక్కుకుంటూ పోయాడట. ప్రహ్లాద్ ఆ రాత్రి సున్నం గిన్నె మీద మూత కూడా పెట్టకుండా ఇంటికి పరుగెత్తాడు.

నేను పోయి బావనే అడిగాను. దాచలేదు.

"పూల్ మీద ఉంటి. ఎరుకొచ్చేసరికి గేటు కాడ ఉంటి. నడుమల ఏమైందో ఎరుకలేదు. ఆమెనే ఆపుతదని అందరన్నరు. ఆడమనిషి ఆపినంక ఎక్కించుకోకుంట ఎట్ల పోవాలె, బాబురావ్?"

నాకు ఒళ్ళు మండింది. దెయ్యానికి మర్యాద చేసే మనిషితో ఏం వాదిస్తాం? ఫిట్సేమో, దవాఖానకు పోదాం పట్టు అంటే — పడింది లేదు, నురుగు కక్కింది లేదు, ఇంకెక్కడి ఫిట్సు అన్నాడు. అక్క అప్పటికే రెండు తాయెత్తులు కట్టించింది. గురువారం దర్గా, మంగళవారం పోచమ్మ గుడి, అన్నీ తిప్పింది. డాక్టరు ఒక్కడే పనికిరాకుండా పోయాడు. నేనుండే ఉప్పుగూడ నుంచి నెలన్నర తిరిగాను అక్కాబావల చుట్టూ. గోడకు చెప్పుకున్నా ఈపాటికి తల ఊపేది.

చివరికి ఒక రాత్రి నేనే రిక్షాలో కూర్చుని పరదా దించుకున్నాను. నేనుండగా ఆ బేగం ఎక్కడ కూర్చుంటుందో చూద్దామని.

పూల్ దాటాం. నా గొప్పలన్నీ ఎటు పోయాయో, పరదా అంచు గట్టిగా పట్టుకున్నాను. గేటు వచ్చింది... పరదా సందులోంచి చీకటి తప్ప ఏమీ కనబడలేదు. రిక్షా ఆగలేదు. బావ హుషారుగానే తొక్కుతున్నాడు. గేటు వెనకబడింది.

ఊపిరి వదిలాను. "చూసినవా బావా?" అన్నాను.

జవాబు లేదు.

పెడళ్ళు ఆగాయి — రిక్షా మాత్రం ఆగలేదు. అక్కడ రోడ్డు పల్లం. దొర్లుతోంది... ఎదురుగా లారీ వెలుతురు. పరదా లాగేసి ముందుకు వంగి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు నములుతోంది. గుండీ మీద వేళ్ళు.

దూకాను. పక్కన పరుగెత్తి, హ్యాండిల్ పట్టి రోడ్డు పక్కనున్న మోరీ వైపు గుంజాను. లారీ గాలికి నా చొక్కా ఎగిరింది.

"దిగినవేంది?" అన్నాడు బావ, నిమిషం గడిచాక.

గేటు ఫర్లాంగు వెనక ఉంది. తెల్లవారితే ఆ రిక్షాలో ఆరుగురు బడిపిల్లలు కూర్చుంటారు.

ఇంటికి పోయి, గేటు దగ్గర కాదు, లారీ ముందర ఇలా అయిందని అక్కకు చెప్పాను. ఆమె గంటె చేత పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అన్నం తినంగ గూడ గిట్లనే ఆగుతడు, తమ్మీ. పిలిస్తె పలుకడు... కూర నచ్చక అలిగిండనుకుంటి."

ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, రెండేళ్ళంది; బడి ముందర కూడా పిల్లలు దిగి పిలిచినా ఒక్కోసారి ఉలకడట. గేటు దగ్గరైతే బేగం, ఇంట్లో అయితే అలక, బడి ముందరైతే పరధ్యానం. మూడూ ఒకటేనని ఒక్కరికీ తట్టలేదు. అంత ఓర్పున్న అక్క మీద కోపంతో నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఇద్దరం కలిసి బావను సర్కారు దవాఖానకు లాక్కుపోయాం. డాక్టరు బావ కంటే మమ్మల్నే ఎక్కువ అడిగాడు. ఎరుక తప్పినవాడికి ఏం తెలుస్తుంది, చూసినవాళ్ళు మీరు చెప్పాలన్నాడు. పడిపోకుండా వచ్చే మూర్ఛ కూడా ఉంటుందట. నిద్రా తిండీ తప్పితే ఎక్కువవుతుందట. రాత్రి గేటు దాకా వచ్చేసరికి బావ కడుపులో ఉండేది పొద్దుటినుంచి తాగిన చాయ్ ఒక్కటే. మొదటిసారి ఇలా అయినప్పుడే రావలసింది, రెండేళ్ళు ఏం చేశారని కసిరాడు. గోలీలు రాశాడు. అవి పనిచేసి, ఇది పూర్తిగా ఆగిందని తను చెప్పేదాకా రిక్షా ముట్టొద్దన్నాడు.

బయట మెట్ల మీద బావ కూలబడ్డాడు. నెలన్నరగా నేను చెప్పిందే నిజమైంది. ఆ మాట అనబోయాను.

"బేగమే నయముండె, బాబురావ్," అన్నాడు బావ. "ఎక్కుతుండె, దిగుతుండె. రిక్షా అయితె గుంజుకోలె."

అక్క గోలీల పొట్లం విప్పి ఒకటి తీసి, బావ చేతిలో పెట్టి, నీళ్ళ కోసం నల్లా వైపు నడిచింది.