విడుదల చుక్కలు

2074 నాటికి నిర్మల్ జిల్లా మక్కచేన్లకు కోతుల నుంచి కాపలా అవసరం లేకుండా పోయింది. అడవి అంచున నిలబెట్టిన స్తంభాల నుంచి తియ్యటి ఉండలు రాలిపడేవి. వాటిలో ఉన్న విరామ టీకా కోతుల ఒంట్లో యాంటీబాడీలను పుట్టించేది. అవి అండం చుట్టూ ఉన్న పొరను కప్పేసి శుక్రకణాన్ని అంటుకోనిచ్చేవి కావు. మంద మరీ తగ్గితే నీళ్లలో విడుదల చుక్కలు కలిపి పెట్టేవారు. టీకా ప్రభావం పోయి మళ్లీ పిల్లలు పుట్టేవి. ఒక్క కోతినీ చంపకుండా పంట దక్కింది.

రెండింటినీ కనిపెట్టిన డాక్టర్ ఆత్రం జ్యోత్స్న తరవాత వాటిని మనుషులకూ పనికొచ్చేలా మార్చింది. ఆడవాళ్లు తమ ఇష్టంతోనే టీకా వేయించుకున్నారు. చుక్కల కోసం మాత్రం చాలామంది తిరిగి రాలేదు. బడులు మూతపడసాగాయి.

అప్పుడు జనాభా శాఖ కార్యదర్శి నరహరి ఆమె ప్రయోగశాలకు వచ్చాడు.

"చుక్కలు మంచినీళ్ల ట్యాంకుల్లో కలుపుదామనుకుంటున్నం మేడమ్. రుచి లేదు, వాసన లేదు. ఎవరికీ తెల్వదు."

"వాళ్లను అడగకుండనా?"

"మీరు కోతులను అడిగే వేసిన్రా?"

ఆ మాట జ్యోత్స్నను చాలా రోజులు వదల్లేదు. కోతులను అడిగే దారి తనకు లేకపోయింది. మనుషులను అడిగే దారి ఉంది. దాన్ని మూసెయ్యనివ్వకూడదనుకుంది.

చుక్కల అణువును ఆమె కొత్తగా కట్టింది. ఏ కాస్త కలిసినా నీళ్లు మోదుగపువ్వు రంగుకు తిరిగేవి. పాత చుక్కలను తయారుచేసే సూక్ష్మజీవులను తన చేతులతోనే నాశనం చేసింది.

"ఆ రంగు తీసెయ్యరాదా?" అన్నాడు నరహరి.

"తీస్తే మందు పనిచెయ్యదు. ఇగ ఎవరికి ఇయ్యాలన్నా చెప్పే ఇయ్యాలె."

అతను వెళ్లిపోయాడు. ట్యాంకుల ఆలోచన మూలపడింది.

కొన్నాళ్లకు నరహరి కూతురు సుమేధ వచ్చింది. పెళ్లికి ముందే టీకా వేయించుకున్న మనిషి.

"చుక్కలు కావాల్నా, టీకా అట్లనే ఉండనిద్దామా?" అని జ్యోత్స్న అడిగింది.

"ఎప్పుడు కనాల్నో నాన్న చెప్పిండు. ఎంతమందిని కనాల్నో మా ఆయన చెప్పిండు. కావాల్నా అని మీరే మొదలు అడిగిన్రు," అంది సుమేధ. "జర ఆలోచించుకోని చెప్త."

కుర్చీ లాక్కుని, తీరిగ్గా కూర్చుంది.