మట్టికన్నుకు తెలియని మాట

ఇట్లా దగ్గరికి జరగండి, నా మోకాళ్ళకు తగిలేటట్టు కూచోండి. ఈ కథ గొంతెత్తి చెప్పేది కాదు.

ఆ పొద్దు లసుమక్క ఎప్పటిలాగే బొక్కల ఆఫీసు రేకుల షెడ్డులో కూచొని, రాళ్ళగంప ముందేసుకొని, కుంచెతో మట్టి దులుపుతోంది. బొక్కల ఆఫీసని మనం అనుకునేదే. బయట బోర్డు మీద 'ప్రాణహిత ప్రాంతీయ శిలాజ పరిశోధన సంస్థ' అని బారెడు పేరుండేది. కోట్ల ఏళ్ళ కింద ఈ వాగుల వెంట తిరిగిన ఏనుగంతేసి బల్లుల ఎముకలు, రాళ్ళయిపోయినవి, అక్కడ కడిగి, అతికి, దాచేవాళ్ళు. ముక్కల్లో ఏది రాయో ఏది బొక్కో లసుమక్క నాలుకతో చెప్పేది. నాలుక కొసకు ఆనిస్తే రాయి జారిపోతుంది. బొక్కయితే అతుక్కుంటుంది. లోపల సన్నటి గుల్ల ఉంటుంది కదా, అది తడిని పీల్చి నాలుకను పట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆమెకదే పని.

"యంత్రమున్నంక నీ నాలుకెందుకే అక్కా?" అని పక్కన కూచున్న గంగుబాయి ఎగతాళి చేసింది.

"యంత్రం బువ్వ తినదు. నేను తింట. అందుకు" అంది లసుమక్క.

యంత్రమంటే మట్టికన్ను. అప్పటికది వచ్చి పన్నెండేళ్ళు. ఊరికొక స్తంభం, స్తంభానికొక పలక. నోటితో అడిగితే నోటితోనే చెప్పేది. రెండు తాడిచెట్ల లోతు వరకు భూమిలో ఏముందో దానికి అద్దంలో చూసినట్టే. బావి తవ్వేవాడు గడ్డపార ముట్టకముందే దాన్ని అడిగేవాడు. నాట్లలో ముక్కుపుల్ల జారితే ఏ మడిలో ఏ మూలనో చెప్పేది. పోయిన వస్తువు అన్న మాటే జనం నోట్లోంచి పోయింది. అయితే అది అడిగినదానికే చెప్పేది, అడగనిది చెప్పేది కాదు. ఆఫీసు పెద్దలు అడిగేది ఎప్పుడూ ఒకటే. శిలాజం ఎక్కడుంది? అంతే.

లసుమక్క దాన్ని ఒక్కసారే అడిగింది, అదొచ్చిన మొదటి రోజు.

ఆమె పెనిమిటి ఓదెలు ఆ ఆఫీసులోనే తవ్వకం పని చేసేవాడు. ఆ యేడు ముసురు మూడు దినాలు విడవలేదు. మూడోనాడు "గిప్పుడే వస్త" అని గొంగడి కప్పుకొని పోయినవాడు మళ్ళీ రాలేదు. వాగులు, వంకలు అన్నీ చూశారు. ఏటి అవతలి ఒడ్డున ఎవతెనో పెట్టుకున్నాడని ఒకరన్నారు, పడవలో దాటుతుంటే చూశానని ఇంకొకరన్నారు. నెల తిరగకముందే మట్టికన్ను వచ్చింది. లసుమక్క అందరి ముందూ స్తంభం దగ్గరికి పోయి అడిగింది.

"ఈ చుట్టుపక్కల మట్టిల మనిషి బొక్కలేమన్న ఉన్నయా?"

మట్టికన్ను కాసేపు చూసుకుంది. "లేవు. మనిషి బొక్క ఒక్కటి కూడా లేదు" అంది.

జనం ఊపిరి పీల్చుకున్నారు. మట్టిలో లేడంటే మట్టిమీదే ఉన్నాడు. మట్టిమీద ఉండి ఇంటికి రాలేదంటే, ఇక చెప్పేదేముంది? అటు తర్వాత ఎవరూ మళ్ళీ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. బతికున్నాడన్న మాట ఒకసారి చెవిన పడ్డాక, రెండోసారి అడిగితే ఆ మాట మారుతుందేమోనని భయం. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. పొద్దున్నే షెడ్డు పక్కన గట్టు మీద గంప దించి, కుంచెలు ఆరబెట్టుకుంటూ, ఏటివైపు తిరిగి రోజూ తిట్టేది. "నన్నిడిసి పోతివి గద. నీ నోట్ల మన్ను పడ." తిట్టనిదే ఆమెకు తెల్లారేది కాదు. పన్నెండేళ్ళు.

ఇక ఆ పొద్దు సంగతి. మళ్ళీ ముసురే. కొత్తగా వచ్చిన పరిశోధకురాలు సత్యవేణి, అమలాపురం పిల్ల, తలమీద కాగితాలు పెట్టుకొని షెడ్డులోకి ఉరికొచ్చింది.

"లసుమక్కగారూ, మీ నెత్తిమీద రేకుకి బొక్క పడిందండి. శిలాజాలు తడిసిపోతున్నాయి."

గంగుబాయి పకపకా నవ్వింది. "రేకుకు బొక్కేందమ్మా? రేకేమన్న గొడ్డా, బొక్కలుండెతందుకు?"

"బొక్కంటే కన్నమండి. చిల్లు. మావైపు అంతే."

"మరి బొక్కల ఆఫీసంటే ఏందనుకున్నవ్?"

"గోతులు తవ్వుతారు కదా, అందుకా పేరనుకున్నానండి."

షెడ్డంతా నవ్వింది. లసుమక్క నవ్వలేదు. ఆమె చేతిలో కుంచె ఆగిపోయింది.

"అమ్మా, మట్టికన్నుకు మాటలు నేర్పింది ఎవలు?"

"మావైపు వాళ్ళేనండి. మా గురువుగారు కూడా ఉన్నారు అందులో."

"దానికి బొక్కంటే ఏంది?"

సత్యవేణి ముఖంలో నవ్వు పోయింది. ఎందుకడుగుతోందో తెలియకపోయినా, చిన్నగా చెప్పింది. "కన్నమేనండి."

లసుమక్క లేచి వానలోకి నడిచింది. స్తంభం మీద చెయ్యి పెట్టి నిలబడింది. సత్యవేణి వెనకే పోతే, పన్నెండేళ్ళ కిందటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, "నేనడిగితే మళ్ల తప్పు పోతది బిడ్డా. నీ మాటల నువ్వడుగు" అంది.

"ఈ చుట్టుపక్కల మట్టిలో మనిషి ఎముకలు ఉన్నాయా?"

"ఉన్నాయి" అంది మట్టికన్ను. "ఒకే మనిషివి. షెడ్డు పక్కన గట్టు కింద, నిలువెత్తు లోతులో."

"ఎప్పటి నుంచి కనిపిస్తున్నాయి?"

"నన్ను నిలబెట్టిన రోజు నుంచి."

"మరి ఈవిడ అడిగినప్పుడు చెప్పలేదేం?"

"ఆ రోజు అడిగింది మనిషి పట్టే రంధ్రాల గురించి. అవి ఇప్పటికీ లేవు."

మధ్యాహ్నానికి ముసురు విడిచి ఎండ కాసింది. గట్టు తవ్వారు. రోజూ ఆమె గంప దించే గట్టు అది. అడుగున పాత కందకం ఒకటుంది. అందులో ఓ పెద్ద బల్లి వెన్నెముక, దానిమీద సగం కప్పిన టార్పాలిన్. టార్పాలిన్ తాడు ఓదెలు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకొని ఉంది. వానకు ఆ ఎముకలు కొట్టుకుపోతాయని కప్పడానికి వచ్చినవాడి మీద గట్టు కూలింది. కందకం పూడిందని ఆఫీసువాళ్ళకు తెలుసు, ఆ బల్లి మట్టిలోనే భద్రంగా ఉంటుందిలెమ్మని వదిలేశారు. అందులో మనిషున్నాడని తెలియదు. పడవలో దాటుతుంటే చూశానని ఆనాడు చెప్పింది గంగుబాయే. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగిపోయింది.

లసుమక్క ఒక వేలి బొక్కను ఏరి, కొంగుతో తుడిచి, అరచేతిలో ఎండకు పట్టి ఆరనిచ్చింది. కందకంలో ఓదెలు నోటి చుట్టూ మన్నే ఉంది. ఆమె అటు చూడలేదు.

"అక్కా, అది ఆయనదే. చూడక్కర్లేదండి" అంది సత్యవేణి. గారు అనడం మరిచిపోయింది.

"నా పని నన్ను చెయ్యనియ్యి బిడ్డా."

నాలుక చాపి ఆ ముక్కను ఆనించింది. పన్నెండేళ్ళు తిట్టిన నాలుకే అది. బొక్క పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఆమె లాగలేదు. ఎండ వాలిపోయేదాకా అట్లాగే కూచుంది.

గుర్తుపెట్టుకోండి బిడ్డలారా. రేపు మీ పిల్లలకు చెప్పేటప్పుడు పేర్లు మరిచిపోయినా పరవాలేదు, యంత్రానికి మీకు తోచిన పేరు పెట్టుకోండి. బొక్క అన్న మాట మాత్రం మార్చకండి. వినేవాడు దాన్ని కన్నం అనుకుంటే, అక్కడ ఆగండి. వాడికి అర్థమయ్యేదాకా చెప్పి, అప్పుడు ముందుకు పోండి.