ఫౌంటెన్ దగ్గర సాక్షి

బండమీదపల్లె చర్చిలో వెండి పూజపాత్ర మాయమైంది.

శుక్రవారం సాయంత్రం మాయమైంది. శనివారం పొద్దున జీవమ్మ గుడిసె వెనక కట్టెల మోపు కింద దొరికింది. మధ్యాహ్నానికి జీవమ్మ చేతులకు బేడీలు కూడా పడ్డాయి. మన పోలీసులు ఇంత చురుగ్గా పనిచేశారంటే, ఎవరో పెద్దమనిషి వేలు చూపించాడనే అర్థం.

ఆ పెద్దమనిషి శౌరెడ్డి. చర్చి సంఘానికి పెద్ద. మూడు తరాల క్రైస్తవుడు. ఏసుక్రీస్తును ఇంట్లోకి రానిచ్చాడు గానీ, ఆయనతో పాటు ఇంకెవరినీ రానివ్వలేదు.

కడప నుంచి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పీర్ బాషా జీపులో వచ్చాడు. 1954 మే నెల. మాడు పగిలే ఎండ.

చర్చి గుమ్మం ముందు రాతి ఫౌంటెన్ ఉంది. కాళ్లూ చేతులూ కడుక్కుని దేవుడి ముందుకు రావాలని ఎప్పుడో ఒక తెల్లదొర ఫాదర్ కట్టించాడు. పేరుకే ఫౌంటెన్. పైతొట్టి ఎవరైనా నింపితేనే కింది తొట్టిలోకి నీళ్లు పడతాయి. నింపేది జీవమ్మ. మైలు దూరంలోని బావి నుంచి, కడవ నెత్తిన పెట్టుకుని. పాపాలు కడుక్కునేది ఊరు, మెడ నొప్పి జీవమ్మది.

పీర్ బాషా ఆ నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. శౌరెడ్డి మాత్రం ఫౌంటెన్‌కు ఎడంగా నిలబడి, తన ఇంటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబుతో కాళ్లు తడుపుకుని, దారి చూపిస్తూ లోపలికి నడిచాడు.

“చెప్పండి రెడ్డిగారూ. ఏం చూశారు?”

“చెప్పేదానికి ఏముండాది సార్? పాత్రను కొంగులో చుట్టుకోని ఆ పక్క గదిలోంచి బయటికొచ్చింది. నా కండ్లారా చూసినా.”

“ఎన్ని గంటలకు?”

“ఐదున్నరకు.”

“అప్పుడు మీరు యాడుండారు?”

“ఫౌంటెన్ కాడ. ఆ తొట్టిలోనే కాళ్లూ చేతులూ కడుక్కుంటాంటి.”

“కట్టెల మోపు కింద వెతకమన్నది?”

“నేనే. అట్లాంటోళ్లు ఇంకేడ దాస్తారు?”

పీర్ బాషా బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. పక్క గది తలుపు కనిపించేది ఫౌంటెన్ దగ్గర నుంచి మాత్రమే. ఇంకెక్కడ నిలబడినా గోడ అడ్డం.

జీవమ్మ గోడ నీడలో కూర్చుని ఉంది.

“ఏమ్మా, తీసినావా?”

“లేదు సార్. ఆ పొద్దు బావి కాడుండా. నా బిడ్డకు నెలలు నిండినాయి. ఇంట్లో ఇంగెవురూ లేరు. నన్ను జైల్లో ఏస్తే దానికి పురుడెవురు పోస్తారు సార్?”

పీర్ బాషా ఇప్పటి చర్చి ఫాదర్‌తో రెండు నిమిషాలు మాట్లాడాడు. తర్వాత అందర్నీ ఫౌంటెన్ దగ్గరికి రమ్మన్నాడు. శౌరెడ్డి కొడుకులు, అన్నదమ్ములు, ఊరి జనం చేరారు.

“రెడ్డిగారూ, నిన్న కడుక్కున్నట్టే ఇంకోసారి కడుక్కోండి. ఎక్కడ నిలబడ్డారో, తలుపు ఎట్లా కనిపించిందో రిపోర్టులో రాయాలి.”

శౌరెడ్డి నవ్వాడు. చొక్కా చేతులు మడిచాడు. వంగాడు. చేతులు నీళ్లకు జానెడు దూరంలో ఆగిపోయాయి.

“నాయనా!” అన్నాడు వెనక నుంచి పెద్దకొడుకు.

శౌరెడ్డికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“చెంబు తెప్పిస్తా సార్...”

“నిన్న చెంబు లేదు గదా. ఫౌంటెన్‌లోనే కడుక్కున్నారు గదా. కానివ్వండి.”

“అది మోసిన నీళ్లల్లో నేను చెయ్యి పెట్టాల్నా? నా బతుకులో ఈ తొట్టిని ముట్టల్యా!”

అనేసి నాలుక కరుచుకున్నాడు.

“నిన్నా ముట్టలేదు” అన్నాడు పీర్ బాషా. “మేమూ నమాజుకు ముందు కడుక్కుంటాం రెడ్డిగారూ. దేవుడి గుమ్మం దగ్గర నీళ్లుండగా ఇంటి నుంచి చెంబు మోసుకొచ్చే భక్తుణ్ణి మిమ్మల్నే చూసినా. అప్పుడే అనుమానం వచ్చింది. ఫౌంటెన్ కాడికి పోని మనిషికి ఆ తలుపు కనిపించదు. మరి కట్టెల కింద పాత్ర ఉందని ఎట్లా తెలిసింది? పెట్టిన చెయ్యి మీదే గనక.”

“ఇంత ఆస్తి పెట్టుకొని వెండికి ఆశపడినాడా సార్?” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

“వెండికి కాదు” అన్నాడు ఫాదర్. “ఇకమీదట అందరూ ఈ నీళ్లతోనే కడుక్కోవాలని పోయిన ఆదివారం చెప్పాను. అయితే నీళ్లు మోసే మనిషిని మార్చమన్నారు రెడ్డిగారు. మార్చనన్నాను.”

ఆమెను ఊరు దాటించడానికి దేవుడి పాత్రనే దొంగిలించాడు. దాన్ని ఎత్తుకుపోయి ఆమె గుడిసె వెనక దూర్చేటప్పుడు మాత్రం ఏ మైలా అంటలేదు కాబోలు! థూ, ఇదీ ఒక పెద్దరికమే.

బేడీలు చేతులు మారాయి. కొడుకులు తలలు వంచుకున్నారు, తండ్రి చేసిన పనికో, దొరికిపోయినందుకో.

జీవమ్మ లేచి కొంగు దులుపుకుంది. ఫాదర్ మొహమాటంగా దగ్గరికొచ్చాడు.

“రేపు ఆదివారం జీవమ్మా. పైతొట్టి...”

జీవమ్మ గోడవారనున్న కడవ తెచ్చి అందరి మధ్యా దించింది.

“కడవ ఈడ పెడతాండా సామీ. బావి యాడుండాదో మీకందరికీ ఎరికే.”

అని వెనక్కి చూడకుండా కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.